గుమ్మం మీది కొక్కెం

మా అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లు. ఇరవై గుమ్మాల మీదా ఇరవై ఇనప కొక్కేలు. కట్టినాయన స్లాబు వేసేటప్పుడే వాటిని పెట్టించేశాడు, దిష్టి గుమ్మడికాయలు వేలాడదీసుకోవడానికి. స్విచ్చి బోర్డులు ఎక్కడ కావాలో అడిగాడు, వంటగట్టు ఎంత ఎత్తుండాలో అడిగాడు, కొక్కెం సంగతి మాత్రం ఎవర్నీ అడగలేదు. అదేమన్నా అడిగే విషయమా అనుకుని ఉంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. అనుకున్నది ఊరికే పోలేదు. పోయిన ఏడాది ఆ కొక్కేల మూలంగా నేను పది పదిహేను రోజులు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఇప్పటికీ తలుపు తీసినప్పుడల్లా తల పైకెత్తి ఒకసారి చూసుకుంటాను.

నేను పుట్టింది వినగడపలో. మా ఆయనకి తిరువూరు మెయిన్ రోడ్డు మీద పురుగుమందుల కొట్టు. పుట్టింట్లో వాకిలంటే గడప దగ్గర మొదలై రోడ్డు దాకా ఉండేది. ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెడితే, ముగ్గు ఎక్కడిదాకా పడిందో అక్కడిదాకా మాది. ఫ్లాట్లోకి వచ్చిన మొదటిరోజు పొద్దున్నే చీపురు పట్టుకుని తలుపు తీశాను. ఐదడుగుల్లో ఎదురింటి తలుపు. మధ్యలో ఉన్న నేల ఎవరిదో తెలియలేదు. సగం దాకా ఊడ్చి ఆపేశాను. కాసేపటికి ఎదురింటావిడ బయటికొచ్చి, నేను ఆపిన చోట చూసి నవ్వి, మిగతా సగం ఊడ్చింది. ఆ తరవాత ఎవరు ముందు లేస్తే వాళ్ళే మొత్తం ఊడ్చేవాళ్ళం.

ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. అపార్ట్‌మెంటంతా ఆవిడని సిస్టర్ గారనే పిలుస్తాం. నాకంటే ఐదారేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటుంది. భర్త గంపలగూడెం అవతల ఏదో ఊళ్ళో బడి పంతులు. పొద్దున్నే బండి మీద వెళ్ళి చీకటి పడే వేళకి వస్తాడు, మనిషి మాట వినబడదు. మిగతా పందొమ్మిది ఇళ్ళ వాళ్ళమూ హిందువులం, వాళ్ళొక్కళ్ళే క్రైస్తవులు. ఈ సంగతి నాకు తెలియక కాదు, దానితో నాకు పని పడలేదు. నాకు జ్వరమొస్తే ఇంజెక్షను చేసేది ఆవిడే. మా ఇంట్లో పులిహోర కలిపితే మొదటి గిన్నె వెళ్ళేది వాళ్ళింటికే.

దిగిన ఏడాదే డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రం ఆవిడ ఎర్ర కాగితం స్టారొకటి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. లోపల బల్బు, తోకలాగా వైరు. స్టూలు వేసుకుని ఎక్కబోతే ఆ స్టూలు కాస్తా ఊగుతోంది. నేను వెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను. గుమ్మడికాయ కొక్కేనికే స్టారు తగిలించి, వైరు తలుపు సందులోంచి లోపలికి లాగి, స్విచ్చి వేసింది. వేసి, కిందికి వచ్చి, గోడకి ఆనుకుని అలా చూస్తూ నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు. నేను కంగారు పడ్డాను.

“ఏంటండీ, ఏమైంది?” అన్నాను.

“ఏం లేదక్కా. పద్దెనిమిదేళ్ళు అద్దిళ్ళల్లోనే ఉన్నాం. అందరూ మంచి ఓనర్లే, ఒకర్ని అనడానికి లేదు. స్టారు మాత్రం బయట వద్దమ్మా, లోపల కట్టుకోండి అనేవాళ్ళు. ప్రతి ఏడూ వంటింటి కిటికీలో కట్టుకునేదాన్ని. సొంతిల్లు కొనుక్కోవాలని ఆయన అన్నప్పుడల్లా నాకు ఇంకేం గుర్తొచ్చేది కాదు. స్టారు బయట కట్టుకోవచ్చు అనే అనుకునేదాన్ని.”

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఇంతోటి దానికి ఇంత కథా అనుకున్నాను. నాకేం తెలుసు, నేనెప్పుడూ అద్దింట్లో ఉండలేదు. అలా ఐదు డిసెంబర్లు ఆ స్టారు అక్కడే వెలిగింది. ఐదుసార్లూ స్టూలు పట్టుకుంది నేనే.

ఇక రూలు సంగతి. పోయిన శ్రావణ మాసంలో రెండో అంతస్తు వాళ్ళు లిఫ్టు పక్కనే టైల్సు వేయించి మరీ తులసికోట కట్టించారు. ఎవర్నీ అడగలేదు. దేవుడి పని కదా, ఎవరు కాదంటారు. అంతకుముందే అయిదో అంతస్తాయన మెట్ల మలుపులో వెంకటేశ్వరస్వామి పటం పెట్టి గంట కట్టించాడు, తెల్లవారుజామున ఐదింటికే గణగణమని కొడతాడు. దానికీ ఎవరూ నోరెత్తలేదు. కానీ తులసికోట కట్టిన వారంలోనే నాలుగో అంతస్తు వాళ్ళకి కొత్త ఫ్రిజ్జు వచ్చింది. లిఫ్టేమో ఎప్పటిలాగే పాడై ఉంది. ఫ్రిజ్జుని మెట్ల మీంచి మోసుకొస్తున్న వాళ్ళు మలుపు తిప్పబోతే కోట అంచు పగిలింది. ఫ్రిజ్జు తలుపుకి సొట్ట పడింది. తులసమ్మని తన్నారని వీళ్ళు, దారికడ్డంగా కట్టారని వాళ్ళు, మూడు రోజులు మెట్ల మీద ఒకటే రచ్చ.

నాలుగో రోజు సెల్లారులో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు గారు మూడో అంతస్తులో ఉంటారు, రైసు మిల్లు ఓనరు. పెద్దాయన, నన్ను చెల్లెమ్మా అంటారు. సెక్రటరీని నేను. నాకేదో పెద్ద తెలివితేటలున్నాయని కాదు, చేతిరాత బాగుంటుందని పెట్టారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోతోంది. గొడవలో రెండు పక్షాల వాళ్ళూ వంతులేసుకుని నా తలుపే కొట్టారు మరి. రిజిస్టరు తెరిచి, ఎవరూ చెప్పకముందే నేనే రాశాను: “గుమ్మం బయట ఉన్న గోడలు, నేల, కప్పు అందరివీ. అక్కడ ఎవరూ ఏదీ పెట్టరాదు, కట్టరాదు, వేలాడదీయరాదు.” గట్టిగా చదివాను. అందరూ సరే అన్నారు. సిస్టర్ గారు కూడా సంతకం పెట్టారు. రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఆ తులసికోట తప్ప ఇంకేమీ లేదు. దేవుడి మీద ఒట్టు.

కోట బాల్కనీలోకి వెళ్ళింది. పటమూ గంటా లోపలికి వెళ్ళాయి. చెప్పుల స్టాండ్లు, సైకిళ్ళు, ఎండిన మల్లె కుండీలు అన్నీ పోయాయి. నడవ చూస్తే పెళ్ళివారు ఖాళీ చేసిన సత్రంలా అయింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి పైకి చూసి, “మరి మన కాయ?” అన్నాడు.

“కాయెందుకు తీయడం? అది పెట్టింది కాదుగా, రక్ష,” అన్నాను.

ఆయన తలూపి లోపలికి పోయాడు. అందరి ఇళ్ళల్లోనూ ఇదే మాట జరిగి ఉండాలి. ఎందుకంటే ఏ గుమ్మం మీదా కాయ దిగలేదు. మామిడాకుల తోరణాలు దిగలేదు. ముగ్గులు ఆగలేదు. ముగ్గంటే శుభ్రం, కాయంటే తాళం లాంటిది, తోరణమంటే తోరణం. రూలు వీటి గురించి కాదని మాకెవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నవంబరు ఆఖర్లో సిస్టర్ గారు నా చేతికొక కాగితం ఇచ్చారు. గవర్నమెంటు ఉద్యోగి కదా, పద్ధతిగా అర్జీ రాశారు. గౌరవనీయులైన సెక్రటరీ గారికి అని మొదలుపెట్టి, క్రిస్మసు సందర్భంగా తమ గుమ్మం వెలుపల ఒక స్టారును డిసెంబరు ఒకటి నుంచి కొత్త సంవత్సరం దాకా కట్టుకోవడానికి అనుమతి కోరుతున్నామని, కింద సంతకం, ఫ్లాటు నంబరు. ఎదురింటి మనిషి నాకు అర్జీ పెట్టుకోవడమేంటని నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

“రూలు పెట్టుకున్నాం కదక్కా. అడగాలిగా,” అంది.

అప్పుడు చూశాను నేను, నా రూలు ఎక్కడిదాకా పోయిందో. “దానికేముంది, ప్రెసిడెంటు గారికి ఒక మాట చెప్పి చెప్తాను,” అన్నాను. ఆ రోజే, అక్కడే, కట్టుకోండి అని ఉంటే సరిపోయేది. ఎందుకనలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. సెక్రటరీనని కాస్త బెట్టు. అంతే.

ప్రెసిడెంటు గారింటికి కాగితం పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“సిస్టర్ గారు బంగారం లాంటి మనిషి చెల్లెమ్మా. కానీ ఇప్పుడు మనం సరే అంటే అయిదో అంతస్తాయన మళ్ళీ గంట కట్టేస్తాడు. నాది తీయించి వాళ్ళది కట్టిస్తారా అంటాడు. ఆయన నోరు నీకు తెలుసుగా. రూలు రాసింది నువ్వే. లోపల కట్టుకోమను. కిటికీలో కట్టుకున్నా కనబడుతుందిగా.”

లోపల కట్టుకోమను అన్నారు. ఆ మాటే ఆవిడ పద్దెనిమిదేళ్ళు విన్నది. మరి నేనేం అన్నాను? ఏమీ అనలేదు. కాగితం మడిచి పట్టుకుని మెట్లెక్కాను. ఆవిడతో చెప్పడానికి ముఖం చెల్లక ఆ కాగితాన్ని టీవీ కింద సొరుగులో పడేశాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఒకటో తారీఖు దాటిపోయింది. ఎదురు తలుపు చప్పుడైతే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. పొద్దున్నే చీపురు పట్టుకుని తలుపు వెనక నిలబడి, ఆవిడ ఊడ్చి లోపలికి వెళ్ళిందాకా ఆగేదాన్ని. సొంత ఇంట్లో తేలు కుట్టిన దొంగలా ఉండాల్సి రావడమంటే ఏంటో అప్పుడు తెలిసింది.

నాలుగో తారీఖో అయిదో తారీఖో సాయంత్రం గిన్నెలు కడుగుతున్నాను. మా గిన్నెల తొట్టికి ఎదురుగా, గాలి కోసం వదిలిన సందుకు అవతల, వాళ్ళ వంటింటి కిటికీ ఉంటుంది. ఉన్నట్టుండి తొట్టిలో నురగంతా ఎర్రబడింది. నా చేతులూ, కడిగి బోర్లించిన స్టీలు చెంబూ ఎర్రబడ్డాయి. తలెత్తితే ఎదురు కిటికీ ఊచల వెనక స్టారు వెలుగుతోంది. ఆ సందులోకి నేను తప్ప తొంగిచూసే మనిషి ఎవరూ లేరు. ఆవిడ నా మీద కోపంతో అక్కడ కట్టలేదని నాకు తెలుసు. ఇంకెక్కడా కట్టుకునే చోటు లేక కట్టింది. ఆ పైన గిన్నెలు మధ్యాహ్నమే కడిగేసుకోవడం మొదలుపెట్టాను.

“ఏంటా తిరుగుడు, కూర్చోరాదూ,” అని మా ఆయన విసుక్కున్నాడు. “వెళ్ళి చెప్పేస్తే పోదా?”

“ఏమని చెప్పను? మీరు చెప్పండి ఏమని చెప్పాలో.”

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అదే వారంలో కింద లిఫ్టు ముందు వాసన మొదలైంది. మా సెల్లారు ప్రవేశంలో అపార్ట్‌మెంటు మొత్తానికీ కలిపి ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ ఉంటుంది, ఉట్టిలో పెట్టి, పసుపూ కుంకుమా పూసి. ప్రతి ఏడూ ఒక అమావాస్యకి మార్చాలి. తులసికోట గొడవలో దాన్ని అందరూ మర్చిపోయారు. అది కుళ్ళి, తొడిమ దగ్గర్నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కింద నేల జిగటగా అయింది, ఈగలు ముసిరాయి. దింపమంటే వాచ్‌మన్ ఒక్కటే మాట: “పిల్లలున్నోణ్ణి అమ్మగారూ, అది మాత్రం నా వల్ల కాదు.” మావైపు ఒక నమ్మకం. కుళ్ళిన కాయ అంటే ఇంటి మీద పడ్డ దిష్టంతా అది మింగిందన్నమాట. మన ఇంటిది మనం దింపుకుంటే ఏం కాదు. ఇరవై ఇళ్ళ దిష్టి మింగిన కాయని ఒక్కడు దింపితే, ఆ ఇరవై ఇళ్ళదీ వాడి నెత్తిన పడుతుందంటారు. అందరిదీ అయిన కాయ ఎవరిదీ కాకుండా పోయింది. ప్రెసిడెంటు గారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. రెండో అంతస్తాయన విజయవాడ బస్సెక్కి మూడు రోజులు రాలేదు. నాలుగో అంతస్తాయనకి ఆ వాసనే రావట్లేదట.

“చెల్లెమ్మా, ఒక పని చెయ్యి,” అన్నారు ప్రెసిడెంటు గారు ఫోనులో. “సిస్టర్ గారినడుగు. వాళ్ళకి ఈ పట్టింపులుండవుగా. ఆవిడకైతే ఏం కాదు.”

నేను ఏమనాలి? ఆవిడ అర్జీ నా సొరుగులో ఉంది, దానికి జవాబివ్వకుండా ఇదెలా అడగనండీ అనాలి. అనలేదు. పైగా ఆ మాట వినగానే, నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. అమ్మయ్య, నా మీద పడలేదు అనుకున్నాను. అదే ఊపులో వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. పది రోజుల తరవాత మొదటిసారి. తలుపు తీసిన మనిషి ముఖంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. స్టారు సంగతి చెప్పడానికి వచ్చాననుకుంది. నేను గుమ్మడికాయ సంగతి చెప్పాను.

ఆ వెలుగు ఎలా పోయిందో చూశాను. ఆవిడ “వాసనొస్తోంది కదా, పదండి,” అని లోపలికెళ్ళి, ఆసుపత్రి గ్లౌజులూ, ఒక పెద్ద ప్లాస్టిక్ కవరూ, ఫినాయిలు సీసా తెచ్చుకుంది. స్టూలు కూడా ఆవిడే మోసింది.

కింద అప్పటికే ఆరేడుగురు మెట్ల మీద చేరారు, ముక్కులకి కొంగులూ రుమాళ్ళూ పెట్టుకుని. ఆవిడ స్టూలెక్కింది. అది ఊగే స్టూలని నాకు తెలుసు. అయిదేళ్ళు పట్టుకున్నదాన్ని. ముందుకు వెళ్ళబోయి ఆగిపోయాను. చుక్క కారి నా మీద పడితే? ఆవిడ ఉట్టి తాడు కోస్తుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. తాడు తెగే ముందు ఆవిడ ఒకసారి తలతిప్పి, నేనెక్కడున్నానో చూసింది. అంతలో కాయ చేతుల్లోనే చితికింది. కుళ్ళంతా ఆవిడ జాకెట్టు చేతి మీదుగా కారింది. చప్పుడు చేయకుండా దిగి, కవర్లో వేసి మూతి కట్టి, వాచ్‌మన్ చూపించిన చోట పెట్టి, వచ్చి నేల కడిగింది. రెండుసార్లు కడిగింది. మెట్ల మీది వాళ్ళు ఒక్కొక్కళ్ళే ముక్కుల మీంచి గుడ్డలు తీశారు. ఎవరో “థాంక్స్ సిస్టర్ గారూ” అన్నారు.

ఆ సాయంత్రం మళ్ళీ ప్రెసిడెంటు గారు ఫోను చేశారు. గొంతులో సంతోషం. “చెల్లెమ్మా, పాపం ఆవిడ మనందరి కోసం అంత పని చేసింది. ఆ స్టారేదో కట్టుకోమను. అయిదో అంతస్తాయనతో కూడా మాట్లాడాను, ఈ ఒక్కసారికీ సరేనన్నాడు.”

నేను గంతేసినంత పని చేశాను. ఫోను పెట్టకముందే చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి పరిగెత్తాను. ఆవిడ అప్పుడే తలంటుకుని టవలు చుట్టుకుని ఉంది.

“కట్టేసుకోండి సిస్టర్ గారూ, అందరూ ఒప్పుకున్నారు,” అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. “గుమ్మడికాయ దింపినందుకా అక్కా?”

నేను నీళ్ళు నమిలాను.

“దానికైతే వద్దక్కా. నేను కూలికి చేయలేదు.” ఏమాత్రం కోపం లేకుండా, “నా లెటరు మీ దగ్గరుంది కదా, ఇచ్చేయండి,” అంది. “అసలు అడక్కుండా ఉండాల్సింది. అద్దింటి అలవాటు పోలేదు నాకు. సొంతిల్లన్న సంగతి మర్చిపోయి అడిగాను.”

తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకొచ్చి సొరుగు తీశాను. అర్జీ మీద కరెంటు బిల్లులూ, మా ఆయన మాత్రల చీటీలూ పేరుకున్నాయి. తీసి, నలిగిన మడత చేత్తో సాపు చేసి, తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ తీసుకుని తలుపు నెమ్మదిగా వేసింది. ఆ నెమ్మదికే ఏడుపొచ్చింది నాకు. విసురుగా వేసి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్నే చీపురు తీసుకుని బయటికి వచ్చాను. ఎదురు గుమ్మం మీద కొక్కేనికి స్టారు వేలాడుతోంది. ఎర్రగా, వెలుగుతూ, వైరు తలుపు సందులోంచి లోపలికి పోయి. ఎవరు పట్టుకున్నారో స్టూలు. నడవ నేల సగం దాకా ఊడ్చి ఉంది. వాళ్ళ సగం. మా వైపు సగం అలాగే వదిలేసింది. నేను చీపురు పట్టుకుని ఆ గీత దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఎనిమిది కాకుండానే ఫోను మోగింది. పాలవాడి ద్వారానో ఎవరి ద్వారానో కబురు మూడో అంతస్తుకి చేరిపోయింది.

“కట్టిందటగా,” అన్నారు ప్రెసిడెంటు గారు. “మంచిది. మనం ఇచ్చిన పర్మిషను కదా. ఒక్క మాట రిజిస్టర్లో రాసెయ్యి, ఈ ఒక్కసారికీ అని.”

“ఆవిడ మన పర్మిషను తీసుకోలేదండీ అన్నయ్య గారూ. వద్దంది. అర్జీ కూడా వెనక్కి తీసుకుంది. తన ఇల్లని కట్టుకుంది.”

అవతల గొంతు మారింది. “అలాగైతే ఎలా కుదురుతుంది? అడక్కుండా కడితే రూలు ఉండి ఏం లాభం? మర్యాదగా చెప్పి తీయించు చెల్లెమ్మా. సెక్రటరీవి నువ్వు.”

“తీయిస్తానండీ. రూలు ప్రకారమే తీయిస్తాను. ముందు నా కాయ దింపుతాను. తరవాత స్టూలు పట్టుకుని మూడో అంతస్తుకొచ్చి మీది దింపుతాను. వరసగా పందొమ్మిది గుమ్మాలూ అయ్యాక ఆఖరున ఆవిడ స్టారు దగ్గరికొస్తాను.”

“కాయకీ దానికీ పోలికేంటమ్మా? కాయంటే రక్ష. అదేమన్నా మతమా?”

ఆ మాట ఆగస్టులో నేనన్నదే. మా ఆయనతో, ఇదే గుమ్మంలో నిలబడి, ఇంతే ధీమాగా అన్నాను. ఇంకొకరి నోటి వెంట వింటుంటే సిగ్గేసింది. ఫోను పెట్టేశాను.

పెట్టేశాక తల పైకెత్తి మా కాయ వైపు చూశాను. అన్నంత తేలికా? ఆ కాయ కట్టక ముందు ఏడాది మా ఆయన బండి మీంచి రెండుసార్లు పడ్డాడు. కట్టాక పడలేదు. కొట్టుకొచ్చే రైతులు కూడా పంట దెబ్బతింటే ముందు దిష్టి తగిలిందంటారు, ఆ తరవాతే మా మందుని తిడతారు. ఈ నమ్మకం మీద నేను చదివిన చదువేమీ పనిచేయదు. అయినా సరే, ఇవాళ దింపకపోతే ఇంకెప్పుడూ ఆవిడ ముఖం చూడలేను అనిపించింది. వంటింట్లోంచి కత్తీ, హాల్లోంచి ప్లాస్టిక్ స్టూలూ తెచ్చుకున్నాను.

“ఏంటే ఇది, పొద్దున్నే,” అని మా ఆయన లేచి వచ్చాడు. నా చేతిలో కత్తి చూసి, పైకి చూసి, “వద్దు. నా మాట విను. అమావాస్య రోజు దింపుదాం, పద్ధతిగా,” అన్నాడు.

“అమావాస్య దాకా నేను ఈ గుమ్మంలోంచి బయటికి రాలేను. మీరు లోపలికెళ్ళండి.”

ఆయన వెళ్ళలేదు. దగ్గరికీ రాలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను స్టూలెక్కాను. మాది మంచి కాయ, ఇంకా గట్టిగానే ఉంది, పసుపు కూడా పూర్తిగా పోలేదు. ఉట్టి తాడు ఎడం చేత్తో పట్టుకున్నాను. మునివేళ్ళ మీద లేచేసరికి స్టూలు ఒక పక్కకి ఒరిగింది. పడిపోతున్నాననుకున్నాను. అంతలో కిందెవరో స్టూలు గట్టిగా పట్టుకున్నారు.

సిస్టర్ గారు. డ్యూటీకి బయల్దేరినట్టుంది, తెల్లచీర, భుజాన బ్యాగు. ఎప్పుడు తలుపు తీసిందో నేను వినలేదు. పైన ఆవిడ స్టారు వెలుగు ఆవిడ నెత్తి మీదా, నా చేతి మీదా పడుతోంది. ఆవిడ నా చేతిలో కత్తిని చూసింది, నేను పట్టుకున్న తాడుని చూసింది. విషయం అర్థమైనట్టుంది.

“ఎందుకక్కా దింపడం?” అంది.

“రూలు,” అన్నాను. “అందరికీ ఒకటే ఉండాలి కదా.”

“మీ కాయ నాకెప్పుడన్నా అడ్డమొచ్చిందా?” అంది ఆవిడ. “ఆరేళ్ళ నుంచి దాని కిందనుంచే కదా మీ ఇంట్లోకి వస్తున్నాను. తీసేయమని నేనెప్పుడన్నా అన్నానా?”

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. పులిహోర గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు అనలేదు, జ్వరంతో మూలుగుతున్న నాకు ఇంజెక్షను చేయడానికి వచ్చినప్పుడు అనలేదు. ఆ కాయ ఆవిడకీ కనబడుతుందన్న సంగతే నాకెప్పుడూ తోచలేదు. నేను తాడూ వదల్లేదు, కత్తీ ఎత్తలేదు. స్టూలు మీద అలాగే ఉండిపోయాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కింద ఆవిడ రెండు చేతులా స్టూలు పట్టుకునే ఉంది.

“దిగండక్కా,” అంది. “నాకు డ్యూటీకి టైమవుతోంది.”